రాణిగారి పెనిమిటి

1929వ సంవత్సరము చివర, అమెరికాలో షేర్ల బజారు కుప్పకూలిన కొలది వారములకే విడుదలయైన 'ది లవ్ పెరేడ్' అను చిత్రమును గూర్చి, దానిని కలిసి చూచిన ఇరువురి నడుమ జరిగిన వాదమిది. జర్మనీనుండి హాలీవుడ్‌కు వచ్చి మూగచిత్రములలో అప్పటికే కీర్తి గడించిన ఎర్నెస్ట్ లూబిట్ష్‌కు ఇది మొదటి మాటల చిత్రము. నాయిక జెనెట్ మెక్‌డొనాల్డ్‌కు మొదటి చిత్రమే ఇది. కథ స్వల్పము. సిల్వేనియా యను కల్పిత రాజ్యమును ఏలు లూయీజ్ రాణికి ఇంకను పెండ్లి కాలేదని మంత్రులు మొదలు పరిచారికల వరకు అందఱును బెంగపడుచుండగా, పారిస్‌లోని రాయబార కార్యాలయమున సైనికోద్యోగిగా నుండి పరస్త్రీ వ్యవహారములచేత దేశమునకు అప్రతిష్ఠ తెచ్చిన కౌంట్ ఆల్ఫ్రెడ్, మందలింపు కొఱకు స్వదేశమునకు పిలువబడి, మందలింపవలసిన రాణిచేతనే వరింపబడి, సింహాసనము లేని, పని లేని, కేవలము రాణిగారి పెనిమిటి యగుటయు, ఆ యవమానమున కోర్వక తిరుగబడుటయు, తుదకు రాణి లొంగి అతనికి రాజపదవి నిచ్చుటయు ఇందలి ఇతివృత్తము. ఆల్ఫ్రెడ్ పాత్రను మారీస్ షెవాలియే ధరించెను. వాదించినవారిలో ఒకరు సంస్కృత నాటకములను జీవితమంతయు బోధించి విశ్రాంతి గైకొన్న పండితులు. రెండవయామె వారి మేనకోడలు, కళాశాలలో చరిత్ర చెప్పుచున్నది. నా మనసు ఎవరి వైపు మొగ్గినదో చదువరులు కనిపెట్టగలరు. దానిని దాచుటకు నేను యత్నింపలేదు.

మామయ్య: అమ్మాయీ, మన ఆలంకారికులు నాటకమునుండి వేఱుచేసి 'నాటిక' అని యొక రూపకభేదమును చెప్పిరి గదా, నాలుగంకములు, అంతఃపుర వృత్తాంతము, ధీరలలితుడైన రాజు, శృంగారము అంగిరసము, నాట్యగీతములతో కూడిన కైశికీవృత్తి, రాజకార్యము తెరవెనుకనుండి ప్రణయమును నడపుట, ఇవన్నియు దాని లక్షణములు. శ్రీహర్షుని 'రత్నావళి'లో సింహళ రాజపుత్రిని చేపట్టినవాడు సార్వభౌముడగునని సిద్ధాదేశముండుటచేత మంత్రి యౌగంధరాయణుడు పన్నిన పన్నుగడయే ఆ ప్రేమకథకు మూలము. లూబిట్ష్ మన శాస్త్రము చదివిన వాడు కాడు. అయినను అతని సిల్వేనియాలో నాకు అచ్చమైన నాటిక గోచరించెను. పాటలు కలవు, విదూషక స్థానమున జాక్ అను సేవకుడు కలడు, ప్రణయము వెనుక రాజ్యమునకు కావలసిన విదేశీ ఋణము కలదు. ఇంతటి సర్వాంగసుందరమైన కృతిని చూచి బయటకు వచ్చుచు నీవు ముఖము ముడుచుకొంటి వేల?

మేనకోడలు: సర్వాంగసుందరమే, మామయ్యా, కడపటి పావుగంట తప్ప. దాని సంగతి చెప్పెదను గాని, ముందు మీకు నచ్చినవేవో మీరు చెప్పుడు. వాటిలో పెక్కింటికి నేనును తలయూపుదును.

మామయ్య: మొట్టమొదటి ఘట్టమునే తీసికొమ్ము. ఆల్ఫ్రెడ్ గదిలో ఒక యువతి అతనితో ఫ్రెంచి భాషలో కలహించుచుండును. మనకు ఆ భాష రాకున్నను, ఆమె చేత వ్రేలాడుచున్నది మఱియొక స్త్రీ వస్తువని చూచినంతనే తెలిసిపోవును. ఇంతలో ఆమె భర్త వచ్చిపడును. ఆమె పిస్తోలుతో తన్ను తాను కాల్చుకొని కూలును. భర్త ఏడ్చి, ఆ పిస్తోలునే ఎత్తి ఆల్ఫ్రెడ్‌ను కాల్చును. అతడు ఒడలు తడిమి చూచుకొనగా గాయమే లేదు. నేల నున్న యామెయు కన్ను తెరచును. అవి ఉత్త తూటాలు. చచ్చినదనుకొన్న భార్య బ్రదికినదన్న సంతోషములో ఆ భర్త వచ్చిన పనియే మరచును. వెళ్ళబోవు నప్పుడు ఆమె గౌను వీపు వైపున ఊడియుండుట చూచి అతడు బిగింపబోవును. ఎంత తంటాలుపడినను చేతగాదు. ఆమె విసిగి, ఒక్క మాటయైన ఆడక, ఆల్ఫ్రెడ్ వద్దకు నడచి వీపు త్రిప్పి నిలుచును. అతడు క్షణములో బిగించును. ఆ వ్రేళ్ల యలవాటు వారిద్దఱి పూర్వకథ నంతయు చెప్పివేసెను. ఆల్ఫ్రెడ్ ఆ పిస్తోలును పెట్టుటకు సొరుగు లాగగా అందు అట్టివే మఱికొన్ని పడియున్నవి. ఆ ఒక్క చూపుతో అతని పారిస్ జీవితమంతయు తెలిసిపోయెను. ఆనందవర్ధనుడు కావ్యమునకు ఆత్మ యని చెప్పిన ధ్వనికి ఇంతకన్న స్ఫుటమైన ఉదాహరణము తెరపై నేను చూడలేదు. మాటలు వచ్చినవన్న మోజులో తక్కినవారందఱు నటులచేత ఎడతెగక మాటలాడించుచున్న కాలమున, చప్పుడు వినబడకుండ కెమెరాను పెట్టెగదిలో బంధించి కదలనీయని కాలమున, ఇతడు మాట ఎచ్చట ఆపవలెనో నేర్చెను.

మేనకోడలు: ఒప్పుకొంటిని. రాణియు ఆల్ఫ్రెడ్‌యు తొలిసారి భోజనమునకు కూర్చున్నప్పుడు వారి సంభాషణ మనకు వినబడనీయక, తోటలో నిలిచి కిటికీలోనుండి తొంగిచూచు మంత్రులు, చెలికత్తెలు, సేవకులు చెప్పుకొను మాటలద్వారా మాత్రమే ప్రణయపు పురోగతిని తెలియజేయుట మఱింత గొప్పది. అయితే మామయ్యా, మీరు దానిని రచనాచాతుర్యముగా చూచితిరి; నేను రాజ్యాంగముగా చూచితిని. ఆ రాణికి ఏకాంతము లేదు. ఆమె నవ్వు మంత్రివర్గపు వ్యవహారము, ఆమె పెండ్లి ఖజానా వ్యవహారము. రాజప్రాసాదమును చూడవచ్చిన అమెరికా యాత్రికులు బండిలో కూర్చుండి వార్తాపత్రికలు చదువుకొనుచు, చూపువాడు ఆ కోట చరిత్ర ఎంత చెప్పినను తలయెత్తక, దాని వెల యెంతో చెప్పినప్పుడు మాత్రము ఒక్కసారిగా తలలెత్తుదురు. వాల్ స్ట్రీట్ పతనమునకు కొంచెము ముందుగా తీయబడి, పతనము తరువాత జనుల యెదుటికి వచ్చిన చిత్రమున ఋణము కొఱకు విదేశీయుల ముఖము చూచు రాణి ప్రధానపాత్ర యగుట నాకు చిన్న సంగతిగా తోచదు. కాబట్టి ఇది కేవలము ఇద్దఱి సరసము, తుదిలో ఎవరు లొంగిన నేమి, అని తోసివేయుటకు వీలులేదు. ఆమె లొంగినప్పుడు లొంగినది ఒక్క వనిత కాదు.

మామయ్య: లొంగుట యని నీవే పేరుపెట్టి నీవే నొచ్చుకొనుచున్నావు. ఆ పెండ్లి ఘట్టము చూచితివి గదా. మతాచార్యుడు వరునితో, నీవు విధేయుడవై అణకువ గలిగి యుందువా యని ప్రమాణము చేయించి, భార్యాభర్తలని కాక, వరుస తలక్రిందులు చేసి ప్రకటించును. ఆ క్షణమునుండి ఆల్ఫ్రెడ్ పడిన అవమానము సామాన్యమా?

మేనకోడలు: సామాన్యము కాదు, చిత్రమంతటిలో నేను మిక్కిలి ప్రేమించిన భాగము అదియే. ఆ ప్రమాణమును గూర్చి చరిత్రలో ఒక మాట గలదు, వినుడు. 1840లో విక్టోరియా రాణి ఆల్బర్ట్‌ను పెండ్లాడినప్పుడు, రాణి పదవికి తగినట్లు విధేయత యను పదమును ప్రమాణమునుండి తొలగింతుమా యని యడుగగా, తొలగింపవలదనియు, తాను ఇతర స్త్రీల వలెనే భర్తకు విధేయురాలనై యుందునని పలుకుదుననియు ఆమె పట్టుపట్టెను. అంతకుముందు ఏడు, పెండ్లాడెదవా యని అడిగినదియు ఆమెయే. సింహాసనమున నున్న స్త్రీని అడుగు అధికారము అతనికి లేదు. పదునేడేండ్లకు, అనగా 1857లో గాని, అతనికి 'ప్రిన్స్ కన్సార్ట్' అను బిరుదు లాంఛనముగా రాలేదు. ఇంటిలో భర్తనే గాని యజమానిని కానని అతడు మొదటి యేట మిత్రునకు వ్రాసికొనెను. లూబిట్ష్ చిత్రమునకు మూలమైన ఫ్రెంచి నాటకము పేరును ఆ బిరుదే. కాబట్టి ఈ వ్యథ కల్పితము కాదు.

మామయ్య: మఱి అతని వ్యథను గుర్తించిన నీవు, అతని విజయమును ఏల సహింపజాలవు?

మేనకోడలు: అతడు పడిన వ్యథ ఎవరిదో చూడుడు. పెండ్లియైన మఱునాడు అతడు ఆకలితో భోజనశాలకు వచ్చును. రాణి రానిదే అతనికి వడ్డింపరు. దేశపు ఆర్థికస్థితిని చక్కదిద్దు పథకమొకటి తానే వ్రాసి తెచ్చును; దానిని ఎవరును చదువరు. పగలు టెన్నిసు, సాయంకాలము పేకాట, నడుమ విశ్రాంతి అని అతని దినచర్య వేఱొకరు నిర్ణయింతురు. అందముగా నలంకరించుకొని సభలో చిరునవ్వుతో నిలుచుట ఒక్కటియే అతని ధర్మము. మామయ్యా, ఇది ఎవరి బ్రదుకు? లోకమందలి అంతఃపురములలోను, అంతఃపురములు కాని యిండ్లలోను ఆడువారు వేల యేండ్లుగా బ్రదికిన బ్రదుకే గదా! దానిని ఒక చురుకైన మగవానికి తొడిగి చూపుటచేత, ఎన్ని ఉపన్యాసములు చెప్పినను ఎక్కని సంగతి ప్రేక్షకుని మనసునకు నేరుగా తాకును. షెవాలియే ఒంటరిగా కూర్చుండి, తనలో పనికి రాక పడియున్న సామర్థ్యమును తలచుకొని పాడు పాట దగ్గఱ నేను కంట తడి పెట్టితిని. ఇంత దూరము వచ్చినవాడు, వ్యాధిని ఇంత చక్కగా కనుగొనినవాడు, చికిత్సగా ఏమి చేసెను? ఆ వ్యాధిని తిరిగి రాణికే అంటించెను.

మామయ్య: కడపటి ఘట్టమును నీవు మఱీ కఠినముగా చదువుచున్నావు. తొలి భేటీలో అతనిని దండించు నెపమున ఆమె సరసమాడెను. చివర దండన యను ఆ యాటయే పాత్రలు మారి తిరిగి వచ్చెను. ప్రణయములో ఒకరు గెలిచి ఒకరు ఓడుట లేదు. శృంగారమున ఓటమియు భోగమే. పైగా సంగీతనాటికలో రాజ్యాంగశాస్త్రము వెదకుట, మల్లెపందిరిలో దూలములు లెక్కించుటవంటిది.

మేనకోడలు: అంత దూరము పోవలదు, సంగీతనాటకశాల రాత్రిని మాత్రమే చూడుడు. దంపతులు అన్యోన్యముగా నున్నారని విదేశీ ప్రతినిధులకు కనబడనిచో ఋణము చిక్కదు. రాణి అతనిని రమ్మనును; అతడు రానని, పారిస్‌కు పోయి విడాకులు పొందుదునని బెదరించును. ఆమె ఒంటరిగా ఆ మేడలో కూర్చుండి, అందఱి కన్నులు తనపై నుండగా, ప్రక్కనున్న ఖాళీ ఆసనము చూచుకొని తల్లడిల్లును. అప్పుడతడు వచ్చి కూర్చుండి, నవ్వుమని ఆమెకు ఆజ్ఞ యిచ్చును. దేశమునకు పనిచేయుటకు అవకాశమీయలేదని అంతవరకు వాపోయిన వాడు, దేశపు అవసరమునే కత్తిగా దూసి భార్య మెడపై పెట్టెను. అతని పథకములోని దేశభక్తి అంతయు ఆ యొక్క ఆజ్ఞలో కొట్టుకొనిపోయినది.

మామయ్య: ఆమె మాత్రము అతనిని ఋణము కొఱకు బొమ్మవలె ప్రదర్శింపజూడలేదా?

మేనకోడలు: చూచెను, అది అన్యాయమే. అందుచేతనే పరిహారము ఇద్దఱికిని కావలసియుండెను. రాజ్యమున ఒక్కరికే కుర్చీ యుండుట దోషమైనచో రెండవ కుర్చీ వేయవలెను గాని, కూర్చున్నవారిని లేపి నిలుచున్నవారిని కూర్చుండబెట్టిన దోషము పోవునా? మీ సంస్కృత రూపకముల సంగతియే తలచుడు. 'రత్నావళి'లో వాసవదత్త, 'మాళవికాగ్నిమిత్రము'లో ధారిణి, తుదకు తమ చేతులతోనే నాయికను రాజున కొప్పగింతురు. ఆ త్యాగము లేనిదే కథ ముగియదు. ఇక్కడ పట్టపురాణి వేఱు, నాయిక వేఱు కాకపోవుటచేత లూయీజ్ తన్ను తానే ఒప్పగించుకొనవలసి వచ్చెను. కౌశాంబిలో గాని, విదిశలో గాని, సిల్వేనియాలో గాని రాజదర్బారు ప్రేమకథకు వెల చెల్లించినది ఆడుదియే.

మామయ్య: ఈ మాట నన్ను ఆలోచింపజేయుచున్నది. అయినను, స్త్రీ సింహాసనమెక్కుట మనకు క్రొత్త కాదు. 13వ శతాబ్దిలో ఓరుగల్లు నేలిన రుద్రమదేవికి నిడదవోలు చాళుక్య వీరభద్రుడు భర్త. ఆయన రాజపదవి కోరి తిరుగబడెనని ఎవరును చెప్పలేదు; ఆమె దిగి ఆయనను కూర్చుండబెట్టినదియు లేదు. పెనిమిటి పెనిమిటిగానే యుండెను, రాజ్యము రాజ్యముగానే సాగెను. కాబట్టి స్త్రీ యేలిన కథ స్త్రీ లొంగుబాటుతోనే ముగియవలెనను నియమము లేదని నేనే నీకు సాక్ష్యమిచ్చుచున్నాను.

మేనకోడలు: గొప్ప సాక్ష్యమే; అయితే దానిలో నొక ముల్లున్నది. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. గణపతిదేవుడు ఆమెకు పురుషనామము నిచ్చి, పురుషవేషమును ధరింపజేసి గద్దె నెక్కించినట్లు మనము చదువుకొనుచున్నాము. ఆమె పరాక్రమమున కది కొఱత కాదు. ఆ గద్దెకే ఆడుపేరు గిట్టలేదు. లూబిట్ష్ ఈ విషయమున ధైర్యము చూపెను. లూయీజ్ మగవేషము వేయదు. సేనను తనిఖీ చేయునప్పుడు సైనికదుస్తులు తొడిగి పాడుచు నడచినను ఆడుదిగానే నడచును. ఉదయము కలగని లేచి ఆ కలను గూర్చి పాడును, మంత్రులపై విసుగుకొనును, తన యందమును తానే మెచ్చుకొనును, సంతకములు పెట్టును. ఆడుతనమును పాలనమును ఒక్క దేహమున ఇముడ్చుకొని సిగ్గుపడని రాణిని తెరపై నిలిపిన తరువాత, ఆమెను దింపివేయుటకు చేతులెట్లాడెను? అమెరికా స్త్రీలకు రాజ్యాంగ సవరణచేత 1920లో వోటు వచ్చి తొమ్మిదేండ్లు గడచినవి. చిత్రశాల నిండ కూర్చున్నవారిలో ఆ హక్కు గలవా రెందఱో యుండిరి.

మామయ్య: నీవు సేవకుల జంటను మరచితివి. జాక్‌యు, రాణి చెలికత్తె లూలూయు, నేల బాఱు జనులమై సరసమాడుదమని పాడుచు, ఒకరినొకరు తన్నుకొనుచు, పడుచు లేచుచు చేసిన గంతులు చూడలేదా? అచ్చట ఎవరును పైచేయి కారు. దొరలకు చేతగాని సమత్వమును వంటింటివారిచేత ఆడించి చూపెను. లూబిట్ష్ తన యభిప్రాయమును అచ్చట దాచియుండవచ్చును గదా? వాచ్యార్థమున రాణి లొంగినను, ధ్వనిలో ఆ లొంగుబాటు తప్పని చెప్పియుండవచ్చును.

మేనకోడలు: ఈ వాదము నన్ను కొంత కదలించినది, ధ్వని పేరిట మీరు చెప్పినవానిలో ఇదియే బలమైనది. కాని ధ్వనికి ఆధారము తెరపై నుండవలెను. గౌను బిగించు వ్రేళ్లలో నున్నది, సొరుగులోని పిస్తోళ్లలో నున్నది. కడపటి ఘట్టమున అట్టి గుర్తు ఒక్కటి చూపుడు. రాణి బ్రతిమాలును, అతడు ఒప్పుకొనును, ఆమె ముఖము వికసించును. అచ్చట లూబిట్ష్ తలుపు మూయలేదు, ముఖమెదుటనే చెప్పెను.

మామయ్య: అయినచో అయిదేండ్ల తరువాతి చిత్రమున చూపెదను. అదే లూబిట్ష్, అదే జంట, 1934లో 'ది మెర్రీ విడో'. ఫ్రాంజ్ లేహార్ 1905లో వియన్నాలో వినిపించిన సంగీతనాటకమునకు మెట్రో గోల్డ్‌విన్ మేయర్ వారు కట్టిన చిత్రరూపము. మార్షోవియా యను బుల్లి రాజ్యమున సోనియా యను ధనిక వితంతువు. ఆ దేశపు సంపదలో సగము పైన, నూటికి 52 పాళ్లు, ఆమెది. ఆమె పారిస్‌కు పోయి పరదేశీయుని పెండ్లాడినచో ఖజానా వట్టిపోవును గనుక, ఆమెను వలపించి తిరిగి తెమ్మని డానిలో యను నాయకుని పంపుదురు. శోకము విడువ నిశ్చయించిన క్షణమున ఆమె నల్లని ముసుగులు, నల్లని పాదరక్షలు, తుదకు నల్లని కుక్కపిల్లయు తెల్లనివి యగుట చూచితివి గదా. ఆమె ఎవరికిని లొంగదు. నేరస్థుడై చెఱలో నున్న డానిలోను చూడవచ్చి, అతనితో పాటు ఆ గదిలో బంధింపబడి, తలుపునందలి చిన్న కిటికీగుండ వచ్చిన షాంపేనును, పరిమళమును, పురోహితుని మంత్రములను గ్రహించి అచ్చటనే పెండ్లాడును. ఇద్దఱును ఖైదీలే; ఎక్కువ తక్కువలు లేవు. నీవు కోరిన పరిహారము లభింపలేదా?

మేనకోడలు: లభించినది, ఆ చిత్రమును నేను ఎక్కువగా ప్రేమించుటకు కారణము అదియే. అయితే, మామయ్యా, ఆ సమత్వము కొఱకు అతడు నాయికను సింహాసనమునుండి దించవలసి వచ్చెను. సోనియాకు ధనమున్నది గాని రాజ్యము లేదు. ఆ దేశమున రాణి వేఱొకతె. రాజు తన నడికట్టు అనుకొని పెట్టుకొనబోగా అది చాలకపోవుటచేత ఆమె గుట్టు బయటపడు హాస్యపాత్రగా ఆమెను మార్చెను. చెఱసాల తాళపుచెవి రాజు చేతిలో నున్నది. స్త్రీ యేలుచుండగా, దిగిపోకయే, ప్రేమింపబడు చిత్రమును ఆ జంటతో అతడు తీయలేదు. అట్టి చిత్రము 'లవ్ పెరేడ్'లోనే ముప్పాతిక వంతు సిద్ధమైయుండుటయే నా దుఃఖము. ఆరు విభాగములలో అకాడమీ బహుమానములకు ఎన్నికయై ఒక్కటియు పొందలేదని విన్నప్పుడు అయ్యో యనుకొన్నవారిలో నేనొకతెను. ఇష్టము లేక అనుచున్న మాటలు కావు.

మామయ్య: సరే, లూబిట్ష్ స్థానమున నిన్ను కూర్చుండబెట్టితిని. సంగీతనాటకశాలనుండి ఇంటికి వచ్చిరి. ఎట్లు ముగింతువు?

మేనకోడలు: మఱునాటి ఉదయము భోజనపు బల్ల. ఇద్దఱికిని ఒకేసారి వడ్డించిరి. నడుమ అతని ఆర్థిక పథకము. రాణి దానిని మొదటినుండి చదువుచున్నది. ఒక చోట ఆగి, ఇది సాగదని వాదించును. అతడు సాగునని వాదించును. బయట తోటలో మంత్రులు, చెలికత్తెలు తొంగిచూచుచుందురు. మాటలు మనకు వినబడవు.

మామయ్య: లెక్కల కలహమున శృంగార మెక్కడిది?

మేనకోడలు: ఈ జంటకు అచ్చటనే యున్నది. వారి ప్రణయము మొదలైనదియు ఒక కాగితము మీదనే గదా! అతని పారిస్ ఆగడములను గూర్చిన నివేదికను ఆమె ఒక్కొక్క పంక్తియే చదువుకొనుటతోనే.

మామయ్య: ఆ నివేదిక చదువుచు చదువుచు, ఆమె నడుమ లేచి లోనికి పోయి ముఖమునకు పౌడరు అద్దుకొని వచ్చును. జ్ఞాపకమున్నదా?

మేనకోడలు: ఉన్నది. ఈసారియు పోయి అద్దుకొని రానిండు, మామయ్యా. కాగితము మాత్రము చేతనే పట్టుకొని పోవలెను.